కన్నం పక్కన మన్ను

డెబ్భై నాలుగులో నాకు పందొమ్మిదేళ్ళు.
రిగ్గు మీద, జల్లెడ దగ్గర పని.
పన్నెండు వేల అడుగుల కిందనుంచి
బురదతోపాటు రాతిపొడి ఎగదన్నుకొచ్చేది,
వేడివేడిగా, డీజిలు కంపుతో,
ఎన్నడూ వెలుగు చూడని రంగులో.
పారతో లాగి గోతిలోకి నెట్టేవాణ్ణి.
దాని పేరు చెత్త.
చెత్తని ఏ ఊరు నీదని ఎవరడుగుతారు?

ఆ రిగ్గుకి దారి కావాలని
పర్రని కోసి కాలువ తీశారు.
ఎనిమిది బారల వెడల్పు,
స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.
ఆ గీతలోంచి ఉప్పు లోపలికొచ్చింది.
గడ్డి పట్టు వదిలేసింది.
పట్టు తప్పిన నేల
పోటుకి కొంచెం, పాటుకి కొంచెం
మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది.
ఇప్పుడు ఆ కాలువకి అవతలి ఒడ్డు కనపడదు.
మా అమ్మ సమాధి మీదుగా రొయ్యల వల లాగాను,
తెలియక ఒకసారి,
తెలిసి చాలాసార్లు.

నాకిప్పుడు డెబ్భై.
కంపెనీ బల్లకట్టు మళ్ళీ వస్తోంది,
ఈసారి పూడ్చడానికి.
అదే రాతిపొడి.
కాచి, నూనె తీసి,
ఉప్పు వదిలేదాకా కడిగి కడిగి
గట్లు కట్టిన మళ్ళలో పోస్తున్నారు.
అందులో ఉప్పుగడ్డి నారు వేసే పని నాది.
గంటకింత అని ఇస్తారు.
నడుం మాత్రం గంటలు లెక్కపెట్టదు.

మట్టి పరీక్షలు చేసే పిల్ల పేరు థుయ్.
వాళ్ళ నాన్నదీ రొయ్యల పడవే.
గాజు గొట్టంలో పొడి ఊపి చూపించింది:
"తాతా, ఇది ఏటి ఒండ్రే.
కోటేళ్ళ కిందట మిసిసిపీ తెచ్చి పోసింది.
దాని మీద మరో పొర, దాని మీద మరోటి,
బరువుకి అట్టడుక్కి దిగిపోయింది."
అంటే, నేను గోతిలోకి నెట్టింది
మా నేలకి ముత్తాతనన్నమాట.
ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న గంబో
మూత తియ్యకుండానే ఇంటికి తీసుకుపోయాను.

మా అక్క ఒడాలీకి ఈ కథలు ఎక్కవు.
గట్టు మీదే, చెప్పు తడవనివ్వకుండా నిలబడి
"దొంగే వచ్చి తలుపు బిగిస్తే
దండం పెడతావేంరా?" అంది.
ఏం చెప్పను?
మూడో మడిలో నారు పసుపెక్కింది,
బేరియం ఎక్కువైందని అంతా తోడేశారు.
ఆ సంగతి ఆమెకి నేనే చెప్పాను.
చెప్పకపోతే నేనింకా
జల్లెడ దగ్గరి కుర్రాణ్ణే.

ఐదో మడిలో, మే నెలలో,
పాటు తీసిన ఒక పొద్దున
గడ్డి మొదట్లో వేలెడంత కన్నం.
లోపలినుంచి ఒక పీత,
ఒక చెయ్యి ఒంటికి మించినది,
మట్టి ఉండ మోసుకొచ్చి కన్నం పక్కన పెట్టింది.
మళ్ళీ దిగింది. మళ్ళీ ఒకటి.
పెసరగింజలంత ఉండలు,
ఒక్కటీ దూరంగా విసరకుండా.
తవ్వడం తెలిసినవాణ్ణి, చూస్తూ ఉండిపోయాను.
పోటు మొదలవుతుంటే
ఆ కుప్పలోంచే ఒక ఉండ లాక్కుని
లోపలికి పోయి తలుపేసుకుంది.

మర్నాడు ఒడాలీని తీసుకొచ్చాను.
పీత రాలేదు.
కన్నం చూసింది, ఉండలు చూసింది.
చెప్పులు విడిచి మడిలోకి దిగింది.
"అమ్మ ఎక్కడ, ఇక్కడికి?"
చెయ్యెత్తి నీళ్ళవైపు చూపించాను.
"అక్కడిదాకా ఎన్ని మళ్ళు?"
"నలభై. వాళ్ళ దగ్గర డబ్బుంటే."
"ఉండదు," అంది,
చెప్పులు చేత పట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది.

ఆమె బరువైన మనిషి.
అడుగుల్లో నీరూరింది,
అంచులు మాత్రం కూలలేదు.
మడమ, ఐదు వేళ్ళు, అన్నీ తెలుస్తున్నాయి.
పోటు వచ్చి ముంచేదాకా
అక్కడే కూచున్నాను.